మిగతా సగం ఎవరిది?

నా బంగారుతల్లికి, కుట్టుమిషను ముందు కూర్చుని ఆనందబాష్పాలతో నాన్న రాసే ఉత్తరం.

నీ కార్డు అందింది. "మా సెల్లులు ఒకదానికొకటి మెసేజీలు పంపుకున్నాయి నాన్నా!" అని చదవగానే చేతిలో కత్తెర జారిపోయింది. ఫోన్లో చెబితే నాకు సగం వినపడదు, మిగతాది తప్పుగా వినపడుతుంది. ఉత్తరమైతే ఆ గొడవే లేదు, చక్కగా అర్థమైపోయింది. మనిషి నొక్కకుండా సెల్లు తనంతట తనే మెసేజీ పంపడమా! వీధి వీధంతా చెప్పాను.

మంగలి, "నా సెల్లు మోగనైనా మోగడం లేదు, అమ్మాయికి చూపించకూడదూ?" అన్నాడు. అది విని కొట్టు దగ్గరికి వచ్చిన వాళ్లందరూ తలా ఒకటి ఇచ్చారు. గట్టి సంచీ కుట్టి, అన్నీ అందులో వేసి, నీ ఆఫీసుకి పార్శిల్ చేశాను. కాదనకుండా బాగుచెయ్యి.

ఆ తెలివి నీకు ఎవరిదొచ్చిందో గానీ, డొప్పచెవులు మాత్రం నావే. జుట్టుతో కప్పెయ్యకు.

సంతోషం పట్టలేని
నాన్న

తా.క.: పాలాయన సెల్లు కోడిలా కూస్తుంది. అది రోగం కాదు, కావాలనే పెట్టుకున్నాడు. దాని జోలికి పోకు.

---

నాన్నకు, తల దించుకుని అమ్మాయి రాస్తున్నది.

నీ పార్శిల్ మా డైరెక్టరు మేడమ్ బల్ల మీదే విప్పారు. "ఎవరు పంపారు?" అని ఆవిడ అడిగేలోగా లోపల్నించి కోడి కూసింది. ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. "పాత సామాన్లవాడెవరో పొరపాటున పంపినట్టున్నాడు" అనేశాను.

నాన్నా, సెల్లంటే ఫోను కాదు, కణం. మన ఒళ్లంతా కణాలే, కంటికి కనపడవు. మేం పెంచేది ఒకే ఒక్క కణంతో బతికే బ్యాక్టీరియా. ఒకదానిచేత ఇంకోదానికి "నువ్వు ఇలా చెయ్యి" అని కబురు పంపించాం. కాగితం బదులు డి.ఎన్.ఏ., కవరు బదులు మనుషుల జోలికి రాని ఒక చిన్న వైరసు. డి.ఎన్.ఏ. అంటే ప్రతి కణంలోనూ ఉండే రాత. నాలో ఉన్నదాంట్లో సగం నీదే. అర్థమైందిగా? ఇక ఎవరికీ ఏమీ చెప్పకు.

నీ
అమ్మాయి

తా.క.: పాలాయన ఇక్కడ లేడని వాళ్లావిడకి నువ్వైనా చెప్పు. పొద్దుట్నించీ ఫోన్ చేసి, "నువ్వెవత్తివే?" అని నన్ను నిలదీస్తోంది.

---

తల్లీ, సిగ్గుతో చచ్చిపోతూ, గర్వంతో మళ్లీ బతుకుతూ రాస్తున్నాను.

ఎవరికీ చెప్పొద్దన్నావు. కానీ చెప్పిన తప్పు దిద్దుకోవద్దూ? అందరినీ కొట్టు దగ్గరికి పిలిచి, "మా అమ్మాయి పంపేది ఫోన్లు కాదయ్యా, కవరు బదులు వైరసు!" అన్నాను. నీ కవరు అప్పుడు నా చేతిలోనే ఉంది. సగం మంది చెప్పులు కూడా వదిలేసి పోయారు. మంగలి నాకు గడ్డం గీయనంటున్నాడు. పోస్టుమాన్ ఇకమీదట నీ ఉత్తరాలు కర్రకి కట్టి అందిస్తాడట.

ధైర్యం చేసి నిలబడ్డవాళ్లకి నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. "నాలో ఉన్నదాంట్లో సగం నీదే" అన్న దగ్గర చదవడం ఆపేశాను. డి.ఎన్.ఏ. అంటే నాకు తెలియదా? బిడ్డ ఎవరి బిడ్డో తేల్చేది, టీవీలో చూపిస్తారుగా! "సగమేనా? మరి మిగతా సగం ఎవరిది?" అని అందరి ముందూ పైకే అనేశాను. మీ అమ్మ లోపల్నించి వింది. అప్పట్నించి మాటల్లేవు. కంచం నేలమీద పెట్టి కాలితో తోస్తోంది.

అయినా తల్లీ, ఆ సగం ఎవరిదైనా సరే, నువ్వు నా కూతురివే. నేను పెద్ద మనసు చేసుకున్నాను.

నీ (సగం)
నాన్న

తా.క.: ఆ పెద్ద మనసు మాట మీ అమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడు కంచం కూడా రావడం లేదు.

---

నాన్నా,

ఆ సగం అమ్మది! ఎవరికైనా సగం తల్లిది, సగం తండ్రిది. ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు వెళ్లి అమ్మ కాళ్లు పట్టుకో.

పట్టుకున్నావా? ఇప్పుడు ఇది విను. వచ్చే వారం మా పని చూడ్డానికి బయటినుంచి ఒక పెద్ద నిపుణుడు వస్తున్నారు. ఆయన తలూపితే పని సాగుతుంది, లేదంటే మూసేస్తారు, నేనూ పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ రోజు ఇంటివాళ్లనీ రమ్మన్నారు. నిన్ను రావద్దనడానికి నోరు రాలేదు. వస్తే మాత్రం నోరు విప్పకు. నువ్వు మా నాన్నవని ఎవరికీ చెప్పకు. వాచ్‌మన్ గదిలో కూర్చో, అతనికి చెప్పి పెడతాను. అంతా అయ్యాక నేనే వస్తాను.

రాస్తుంటే నాకే ఎలాగో ఉంది. ఏమీ అనుకోకు.

నీ
అమ్మాయి

తా.క.: కాస్త మంచి బట్టలు వేసుకుని రా.

---

నా తల్లికి, ఇల్లు చేరినా ఇంకా నేలమీద కాలు ఆనని నాన్న రాసే ఉత్తరం.

మంచి బట్టలన్నావుగా, కొత్త సూటు కుట్టుకుని వచ్చాను. వాచ్‌మన్ చూస్తూనే సెల్యూట్ కొట్టాడు. గదిలో కూర్చుంటానని చేత్తో చూపిస్తే, "అయ్యో, అక్కడెందుకు సార్!" అంటూ లోపలికి తీసుకెళ్లాడు. మీ మేడమ్ ముందు వరసలో కుర్చీ వేయించారు. నేను నోరు విప్పలేదు! తర్వాత జుట్టు రాలకుండా అందరికీ టోపీలిచ్చారు, నాకూ ఒకటి తొడిగారు. అప్పుడు నువ్వొచ్చావు. నన్ను చూసి తెల్లబోయావు. ఆ తర్వాత "సార్" అన్నావు!

కన్నకూతురిచేత సార్ అనిపించుకున్న దర్జీ ఇంకెవడైనా ఉన్నాడా? నువ్వు చెప్పింది ఒక్క ముక్క వినపడలేదు, కానీ ఎంత బాగా చెప్పావో! అందుకే ప్రతిదానికీ తలూపాను. నువ్వు కలుస్తానన్నావు గానీ, పనిలో కుదరలేదేమోనని బస్సెక్కేశాను.

వాచ్‌మన్ గదిలో, నేను బయటికొస్తుంటే, ఒక పెద్దాయన కిటికీ చువ్వలు పట్టుకుని అరుస్తున్నాడు. చొక్కాకి గుండీ లేదు. జాలేసి, జేబులోంచి సూదీ దారం తీసి, చువ్వల సందులోంచే కుట్టిచ్చాను.

నీ
సార్

తా.క.: ఆయన "సెల్లు, సెల్లు" అంటూనే ఉన్నాడు. ఫోను పోగొట్టుకున్నాడేమో పాపం.

---

నాన్నా,

గుండీ లేని ఆ పెద్దాయనే అసలు నిపుణుడు. "బట్టలు కుట్టే ముసలాయన ఒకడొస్తాడు, సెల్లుల గురించి ఏదేదో చెబుతాడు, గది దాటనివ్వకు" అని వాచ్‌మన్‌కి చెప్పింది నేనే. ఆయన నలిగిన చొక్కాతో వచ్చి సెల్లుల మాట ఎత్తారు. వాచ్‌మన్ గడియ పెట్టేశాడు.

ఇంకో మాట. నిన్ను సార్ అన్నది గౌరవంతో కాదు నాన్నా. అందరిలో "నాన్నా" అనడానికి సిగ్గుపడ్డాను. నువ్వు దాన్నే గొప్పగా చెప్పుకుంటుంటే చదవలేకపోయాను. వెంటనే మేడమ్ దగ్గరికి వెళ్లి, "కోడి కూసిన సంచీ పంపింది పాత సామాన్లవాడు కాదు, ఆరోజు తలూపింది నిపుణుడు కాదు, ఇద్దరూ మా నాన్నే" అని చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. "టోపీలు పెట్టగానే తెలిసింది. గదిలో డొప్పచెవులు రెండే జతలు. ఆ డి.ఎన్.ఏ. కబురు చదవడానికి యంత్రమెందుకు? అసలాయనకి ఆలస్యమైందేమో అనుకుని ఊరుకున్నాను. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను" అన్నారు.

తలెత్తలేకపోయాను. కానీ జుట్టు మాత్రం చెవుల వెనక్కి తోసుకున్నాను.

నిపుణుడు వచ్చే వారం మళ్లీ వస్తారు. కోపం ఇంకా తగ్గలేదు. గుండీ కుట్టిందెవరని మాత్రం అడిగారు. "మా నాన్న" అన్నాను. నువ్వూ రా. ఈసారి నా పక్కనే కూర్చో. నోరు విప్పి మాట్లాడు.

నీ సగం, అమ్మ సగం
అమ్మాయి

తా.క.: కాస్తే విప్పు.