వంటగట్టు ఎవరి ఎత్తుకు

గల్ కోవ్, న్యూఫౌండ్‌లాండ్
అక్టోబరు, ఆదివారం

ఫిలోమినాకు,

నీ ఏంబ్రోస్ రాసేది ఏమనగా, ఇక్కడ నేనూ, మీ తమ్ముడు గస్సూ, గొర్రెలూ అందరం బాగానే ఉన్నాం. సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో నువ్వూ బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను. ఫోన్ చెయ్యడం లేదేమని అడిగావు. ఆ వరండాలో ఫోన్ కోసం నీ వెనక అంతమంది నిలబడి ఉంటారు. పైగా నీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. కాగితం మీదైతే కాస్త ధైర్యం.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. వంటింటికి కొత్త కిటికీ పెట్టేశాం. సింక్ ముందు నిలబడితే రేవు మొత్తం కనబడుతుంది. ఎవరి పడవలో చేపలు పడ్డాయో, ఎవరు ఉత్త చేతులతో దిగారో ఇక నీకు తెలియకుండా దాచడం ఎవరి తరమూ కాదు. గోడలకి నువ్వు చెప్పిన పసుపు రంగే. "గుడ్డుసొనలో కూర్చున్నట్టుంది బావా" అని గస్ వెక్కిరిస్తున్నాడు. పొయ్యి పక్కనున్న పడకని కూడా ముందుగదిలోకి మార్చేద్దామన్నాడు.

"పట్నంలో ఇప్పుడు వంటింట్లో ఎవరూ పడుకోవట్లేదు తెలుసా?"

"పట్నంవాళ్ళకి మీ అక్క లేదురా, తిని ఒళ్ళు వాలిస్తే దుప్పటి కప్పడానికి," అన్నాను. పడక ఉన్నచోటే ఉంది. తడి మేజోళ్ళు ఆరేసే తాడు కూడా పొయ్యి మీదుగా మళ్ళీ కట్టించాను.

నువ్వు రాసిన ప్రకారమే రొట్టె చేశాను. గస్ దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇది రొట్టా, లంగరా?" అన్నాడు. అయినా రెండు ముక్కలు తిన్నాడులే, వెధవ.

ఇక వంటగట్టు. మా అమ్మ పొడగరి, గట్టు ఆవిడ ఎత్తుకు కట్టించారు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు పీట ఎక్కి పిండి పిసికావు. "ఈ వంటిల్లు బాగుచేసే రోజొస్తే ముందు దీని పొగరు దించాలి" అనేదానివి. తీరా ఆ రోజొచ్చాక, "గట్టు నీ ఎత్తుకే కట్టించుకో, వంగి పని చేస్తే నీ నడుం పట్టేస్తుంది" అని రాశావు. ఆ ముక్క గస్‌కి చదివి వినిపించాను. వాడు టేపు తీసి నా నడుం దగ్గర పెట్టబోయి ముఖం తిప్పేసుకున్నాడు.

"ఏంట్రా?"

"రంపంపొట్టు కంట్లో పడింది బావా."

రంపం ఇంకా సంచీలోనే ఉంది. గట్టు పని అక్కడే ఆగింది.

మర్నాడు పక్కింటి అగతా వచ్చింది. ఆవిడ ఎలా వస్తుందో నీకు తెలుసుగా, వెనక తలుపు తోసుకుని "టీ ఉందా?" అని అరుస్తూ. అలాంటి మనిషి తలుపు తట్టింది ఫిలోమినా! మన ఊళ్ళో తలుపు తట్టేదెవరు? ఫాదరుగారు, దారి తప్పిన పరాయివాళ్ళు, చావింటికి పలకరింపుకొచ్చేవాళ్ళు. తీసి చూస్తే చేతిలో కేకుతో తలదించుకుని నిలబడి ఉంది.

"తట్టావేం?"

"ఏమో ఏంబ్రోస్, చెయ్యి దానంతటదే లేచింది."

"నా పెళ్ళాం బతికుండగానే నా తలుపు తడతావా? పో, బయటికి పోయి తట్టకుండా రా!" అని కేకలేశాను.

పాపం, నిజంగానే బయటికి పోయి, తలుపు తోసుకొచ్చి "టీ ఉందా?" అంది. ఇద్దరం పడక మీద కూర్చుని ఏడ్చాం. డాక్టర్లు ఇక చేసేదేం లేదన్నారని ఆవిడకీ గస్‌కీ రాశావట. నాకు మాత్రం చెప్పొద్దన్నావట.

ఇప్పటిదాకా దాచింది చెబుతున్నాను, కోప్పడకు. నాకు తెలుసు. డాక్టరు పోయిన నెలే నాకు ఫోన్ చేశాడు. నా దగ్గర దాచి నన్ను కాపాడుతున్నానన్న తృప్తి నీకుంటే ఉండనీ అని ఊరుకున్నాను. రొట్టె ఎలా చెయ్యాలో, నా ఉన్ని చొక్కాలు ఎక్కడున్నాయో ఎందుకు రాస్తున్నావో తెలిసే "అలాగే" అని జవాబులు రాశాను. ఇక నావల్ల కాదు. నాకు చాలా భయంగా ఉంది.

డాక్టరుతో మాట్లాడాను. ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. నర్సు వచ్చి చూసి వెళుతుందట. శనివారం గస్ ట్రక్కులో వస్తున్నాం. పొయ్యి పక్క పడక మీద నీ పరుపు వేశాను. ఎవరూ తలుపు తట్టకూడదని ఊరంతా తిరిగి చెప్పొచ్చాను.

పొద్దున గస్ మళ్ళీ టేపు తీశాడు. "తేల్చు బావా, ఎవరి ఎత్తుకు?"

"మీ అక్క ఎత్తుకు."

"అక్క నన్ను చంపేస్తుంది!"

"తిట్టనీరా. తిట్టడానికైనా లేచి కూర్చుంటుంది."

కోత మొదలుపెట్టాడు. ఆ గట్టు దగ్గర నువ్వు ఒక్కసారైనా పీట లేకుండా నిలబడతావో లేదో నాకు తెలియదు. నువ్వు వెళ్ళిపోయాక నేను వంగే రొట్టె చేసుకుంటాను. నడుం పట్టేస్తే పట్టేయనీ. నీ గట్టు ఎత్తు మాత్రం ఎవర్నీ మార్చనివ్వను.

ఇట్లు,
నీ మాట వినని నీ మొగుడు,
ఏంబ్రోస్