ఉప్పు అని రాసిన గళ్ళు

శ్రీరామ

హైదరాబాదు,
శుక్రవారం.

అక్కయ్యకి నాంచారు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ మరిదీ బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, వెంకటేశూ, మీ అత్తగారూ అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నీ కాళ్ళ వాపు తగ్గిందా? బీపీ మాత్ర మానకుండా వేసుకో. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని బావగారు నవ్వుతారు. నువ్వు ఫోను స్పీకర్లో పెట్టి వంటపని చేసుకుంటూ మాట్లాడతావు, పక్కింటివాళ్ళు కూడా వింటారు. పైగా ఫోనులో నాకు కోపం నిలవదు. నీ గొంతు వినగానే మెత్తబడిపోతాను. ఈసారి నా కోపం తరుగు పోకుండా నీకు చేరాలి, అందుకని కాగితం మీద పెడుతున్నాను. మేము క్షేమమే, దాని గురించి బెంగ పెట్టుకోకు.

మీ మరిదికి కోల్డ్ స్టోరేజీలో పని కుదురుగానే ఉంది. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళు చేపల వాసనతో ఇంటికొచ్చేవారు, ఇప్పుడు ఆపిల్ పళ్ళ వాసనతో వస్తున్నారు. ఎండు రొయ్యలు లేక అన్నం దిగడం లేదట. ఎవరైనా ఇటు వస్తుంటే పావుకిలో పంపించు. ఇక్కడి ఎండ మన ఎండలా కాదు, చెమట పట్టదు, పెదాలు పగులుతాయి. సాయంత్రం వీధి గుమ్మంలో కూర్చుంటే పలకరించే మనిషి ఉండదు. పై వాటాలో ఉండే లక్ష్మి ఒక్కతే, మెట్లు దిగుతూ, "ఏం వదినా, తిన్నరా" అంటుంది. ఆ ఒక్క మాట కోసం నేను గుమ్మం దగ్గర నిలబడతానంటే నువ్వు నమ్మవు.

ఇక్కడ కందిపప్పు కుక్కరు మూడు కూతలకి వెన్నలా ఉడుకుతుంది. మన ఊళ్ళో ఎన్ని కూతలకైనా పలుకుగానే ఉండేది కదా, నీళ్ళ ఉప్పుకి. మొదటిరోజు గరిటెతో ఆ పప్పు మెదుపుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఈ కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్ళేనట అక్కా. ఇంత దూరం గొట్టాల్లో తెచ్చుకుని వీళ్ళు కార్లు కడుక్కుంటున్నారు. ఆ కృష్ణ సముద్రంలో కలిసేచోట పుట్టిన మనం బిందెడు మంచినీళ్ళు కొనుక్కుంటున్నాం. ఇది రాస్తుంటేనే నా కోపం పెరుగుతోంది. అసలు సంగతి ఇంకా మొదలుపెట్టలేదు.

నేను మన ఊళ్ళో ఇంటింటికీ తిరిగి మీటరుతో నీళ్ళలో ఉప్పు కొలిచి ఫారాలు నింపాను గుర్తుందా? ఆ సంస్థ ఆఫీసే ఇక్కడిది. ఊరూరా నాలాగే ఫారాలు నింపిన ఆడవాళ్ళ చేతిరాత నేనైతే చదవగలనని, వాటిని కంప్యూటరులో ఎక్కించే పనికి నన్ను పెట్టుకున్నారని చెప్పాను కదా. ఏ ఊళ్ళ నీళ్ళు మరీ చెడ్డవో తేల్చి, ఆ ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంటు పెడతారు. మన ఊరికి ప్లాంటు వస్తుందా రాదా అన్నది ఈ కాగితాలమీదే ఉంది.

నేను ఎక్కించేది ఎక్సెల్ అనే గళ్ళ పలకలో. వరుసకో ఇల్లు, గడికో సంగతి. ఆ పలకని ప్రదీప్ అనే అబ్బాయి లెక్కలు కట్టే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి దించుకుంటాడు. దాన్ని ఇంపోర్ట్ అంటారు. ఈ ప్రదీప్ మన గుడివాడ వాడే. మనవాడని మొదట్లో ఎంత సంతోషించానో. మాగాయ కూడా ఇచ్చాను.

నేను ఏ కాగితం మొదలుపెట్టినా పైన శ్రీరామ అని రాయనిదే చెయ్యి కదలదని నీకు తెలుసు. కంప్యూటరు పలకలో కూడా అలాగే, పైన ఒక వరుస చేర్చి, మొదటి గడిలో శ్రీరామ అని కొట్టి, అప్పుడు పని మొదలుపెట్టాను. ఆ సాఫ్ట్‌వేరుకి మొదటి వరుసలో శీర్షికలే ఉండాలట. అది శ్రీరామని శీర్షిక అనుకుంది, అసలు శీర్షికల్ని ఇళ్ళనుకుంది. ఒక నిలువు వరుసలో ఒక్క మాట కనబడితే చాలు, కింద ఉన్న అంకెలన్నీ మాటలేనని తీసుకుంటుందట. ఒక్క లెక్కా కట్టలేదు.

ప్రదీప్ ఆఫీసంతా వినేలా, "నాంచారమ్మ గారండీ, రాముణ్ణి తెచ్చి నా టేబుల్లో వేరియబుల్ చేసేశారేంటండీ. ఈయనకి సగటు కట్టమంటారా, మొత్తం కట్టమంటారా?" అన్నాడు.

వేరియబుల్ అంటే లెక్కకట్టే అంశమట. అందరూ నవ్వారు. తప్పు నాదే కాబట్టి నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. అన్ని పలకల్లోంచీ ఆ వరుస తీసేశాను. స్వామికి క్షమాపణ చెప్పుకుని, అప్పటినుంచీ పని ముందు మనసులోనే అనుకుంటున్నాను.

పోయిన వారం ఊళ్ళ జాబితా గోడకి అంటించారు. ప్లాంటు కావలసినవి పైనుంచి కిందికి. మొవ్వ పక్క ఊళ్ళు పైన ఉన్నాయి. వాళ్ళకి వద్దని నేననను, వాళ్ళకీ కష్టం ఉంది. మన ఊరి కోసం వేలు పెట్టి చూసుకుంటూ వెళ్తే, అట్టడుగున ఉంది. ఎదురుగా, నీళ్ళు బాగున్నాయి, అవసరం లేదు అని రాసి ఉంది.

ప్రదీప్ దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, మా ఊరు ఇక్కడ రాయడం పొరపాటేమో."

"లేదండీ, మీ ఊరి నీళ్ళు బాగున్నాయి. సగటు చూడండి, మినరల్ వాటర్ లాగుంది."

"నేను పుట్టి పెరిగిన ఊరు బాబూ. ఆ నీళ్ళు పోస్తే తులసి మొక్క బతకదు."

"అది మీ ఫీలింగ్ అండీ. ఇది డేటా."

"ఎన్ని ఇళ్ళ మీద కట్టారు ఆ సగటు?"

చూసి చెప్పాడు. "ఎనిమిది."

"ఊరంతా తిరిగాను నేను. మిగతా ఇళ్ళు?"

"మిస్సింగ్ అండీ. ఖాళీగా ఉన్నాయి."

"ఎందుకు ఖాళీగా ఉంటాయి, నా చేత్తో ఎక్కిస్తే?"

అప్పుడు, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు అక్కా. "మీరు దేవుడి పేర్లూ అవీ కలిపేస్తున్నారని, అంకె కానిదల్లా తీసెయ్యమని సాఫ్ట్‌వేరుకి చెప్పేశానండీ. ఒక్క దెబ్బకి శుభ్రమైపోయింది. మీరు టెన్త్ కదండీ, ఇది స్టాటిస్టిక్స్. వదిలెయ్యండి."

నేను ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదని మన అమ్మ చెప్పుకునేది కదా. ఆ క్షణాన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. నీ కొడుకు వెంకటేశు వయసువాడు, నన్ను ప్రతి మాటకీ అండీ అంటూనే, నా నెత్తి మీద కాలు పెట్టాడు. ఆ మర్యాద నాకెందుకు?

నాకు అర్థమైంది ఏమిటంటే, నీళ్ళలో ఉప్పు ఒక హద్దు దాటితే మా మీటరు అంకె చూపించదు, గీతలు పడతాయి. గీతలు పడితే ఏం రాయాలో శిక్షణలో ఎవరూ చెప్పలేదు. నీళ్ళు నోట్లో వేసుకుని చూసి, ఉప్పు అని రాశాం. నేనూ అలాగే రాశాను, బంటుమిల్లి వైపు తిరిగిన అమ్మాయీ అలాగే రాసింది. ఫారంలో ఉన్నది ఉన్నట్టు గడిలో ఎక్కించాను. అది అంకె కాదు కాబట్టి ఆ గడి ఖాళీ అయిపోయింది. అంటే నీళ్ళు ఎంత చెడ్డవైతే ఆ ఇల్లు అంత తొందరగా లెక్కలోంచి ఎగిరిపోయింది. మనుషులు కాపురాలు చేస్తున్న ఇళ్ళని ఖాళీ అన్నాడు.

భోజనం వేళల్లో బీరువాలోంచి ఫారాల కట్టలు తీసుకుని, ఒక్కొక్క ఇల్లూ సరిచూశాను. ఎక్కడెక్కడ ఉప్పు ఉందో అక్కడల్లా ఖాళీ. నాలుగు రోజులు పట్టింది. అన్నం డబ్బా అలాగే ఇంటికి తెస్తుంటే మీ మరిది కంగారుపడ్డారు. నిన్న కట్టలన్నీ చేతుల్లో పట్టుకుని పెద్ద మేడం గదిలోకి వెళ్ళాను. మోపిదేవి స్వామిని తలుచుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా చెప్పాను.

మేడం ప్రదీప్‌ని పిలిచారు. అతను పలక తెరిచి చూపించి, "ఉప్పు అని రాస్తే సాఫ్ట్‌వేరుకి ఏం తెలుస్తుంది మేడం?" అన్నాడు.

"సాఫ్ట్‌వేరుకి తెలియదు. గుడివాడ వాడివి, నీకు తెలియదా?" అన్నారావిడ.

అతను తల దించుకున్నాడు. నాకు చల్లగా అనిపించిందని ఒప్పుకుంటున్నాను. పాపమో పుణ్యమో, అనిపించింది.

కాని ఆ చల్లదనం ఎంతోసేపు ఉండలేదు. మేడం మన ఊరి వరుసలు మళ్ళీ చూసి, "నాంచారమ్మ గారూ, ఊరంతా ఉప్పైతే ఈ ఎనిమిదిళ్ళు మాత్రం ఇంత బాగా ఎలా ఉన్నాయి?" అని అడిగారు. ఫారాలు తీశాను. మొదటిది నీ ఇల్లు అక్కా. రాత నాది.

ఆ రోజు నీకూ గుర్తుండే ఉంటుంది. మీటరు తీస్తే నువ్వు వంటింట్లోకి వెళ్ళి, ఇత్తడి చెంబు నిండా కొన్న డబ్బా నీళ్ళు తెచ్చి పెట్టావు. "బోరు నీళ్ళు తేవే" అన్నాను. నువ్వు, "ఊరుకో నాంచారూ, వెంకటేశుకి సంబంధాలు చూస్తున్నాం. ఉప్పునీళ్ళ ఇల్లని నువ్వే రాసి పెడతావా? ఉప్పునీళ్ళ ఊరికి పిల్లనెవరిస్తారు" అన్నావు. నేను మీటరు ఆ చెంబులోనే ముంచాను. పడిన అంకె రాసుకున్నాను. ఆ నీళ్ళే తాగి వచ్చాను. మిగతా ఏడిళ్ళూ అంతే. వచ్చిన మనిషికి కొన్న నీళ్ళు ఇవ్వడం మర్యాదని ఇచ్చారు, మర్యాద కాదనలేక ముంచాను. నిజం రాసిన ఇళ్ళన్నిటినీ ఆ సాఫ్ట్‌వేరు తీసేస్తే, మిగిలినవి మన ఎనిమిది అబద్ధాలు. వాటితోనే ఊరికి సగటు కట్టారు.

ప్రదీప్ ముందు, మేడం ముందు, ఆ మాట నా నోటితో నేనే చెప్పాను. అతను నా చేతుల్లోంచి ఫారాలు అందుకుని కట్ట కట్టాడు. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది అక్కా. నా మీద అంతకన్నా ఎక్కువగా ఉంది. నీ కాళ్ళు అలా వాచిపోతుంటే, డాక్టరు ఉప్పు మానమంటే కూరలో మానేసి, అన్నం మాత్రం ఆ నీళ్ళతోనే వండుకుంటావు. ఎవరి కోసం? రేపు వచ్చే కోడలు నెల తిరక్కుండా కనిపెట్టదా, కుక్కరు పెట్టిన మొదటిరోజే?

మేడం జాబితా ఆపించారు. ఉప్పు అని రాసిన గళ్ళకి ఏ గుర్తు పెట్టాలో ప్రదీప్ నాతో కూర్చుని రాస్తున్నాడు, ఈసారి నన్ను అడిగి రాస్తున్నాడు. అయితే మన ఎనిమిదిళ్ళ అంకెలు నమ్మడానికి లేదని, వచ్చే పదిహేను రోజుల్లో కొత్త మీటరుతో ఒక అమ్మాయిని పంపుతారు. ఏ రోజో చెప్పరు. నేను వెళ్ళకూడదన్నారు, అది న్యాయమే. ఆ అమ్మాయి రాసేదే ఖాయం.

ఈ ఉత్తరం అందగానే ఆ ఏడిళ్ళకీ వెళ్ళి చెప్పు. పేర్లు విడిగా చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. సిగ్గుపడితే నా మాటగా చెప్పు, తిట్టుకుంటే నన్నే తిట్టుకోమను. బావగారికి చదివి వినిపించు. మీ అత్తగారికి నా నమస్కారాలు. వెంకటేశుకి ఆశీస్సులు. చిన్నదాన్ని, ఇన్ని మాటలు అన్నాను, మనసులో పెట్టుకోకుండా నన్ను ఆశీర్వదించు.

ఆ అమ్మాయి ఎండన పడి వస్తుంది, చూడగానే నీకు జాలేస్తుంది. చెంబు కోసం లేవకు. పెరట్లోకి తీసుకెళ్ళి, బోరు కొట్టి, మీటరు ఆ ధార కింద పెట్టమను. అంకె రాసుకున్నాక అప్పుడు దాహానికి ఇవ్వు.

నీ చెల్లెలు
నాంచారమ్మ