ఆ శనివారం ఎందుకు పిలిచావు?

ఆదివారం ఉదయం,
దుకాణం నుంచి.

చిరంజీవి చిట్టికి,

అన్నయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను కులాసా. అమ్మ మోకాళ్ళు సణుగుతున్నాయి, అమ్మ కూడా సణుగుతోంది, కాబట్టి ఆవిడ ఆరోగ్యం బాగున్నట్టే. నువ్వు కులాసా అని మాత్రం అనుకోలేను. ఉద్యోగంలోంచి పక్కన కూర్చోబెట్టి, ఫోను కూడా తీసేసుకున్న మనిషి ఏం కులాసాగా ఉంటుంది? విచారణ తేలేదాకా ఎవరూ రావద్దని కబురు పెట్టావు. అందుకని ఇలా కాగితం మీద పడ్డాను.

రేపు నన్ను కూడా విచారణకు రమ్మన్నారు. వాళ్ళు అడగబోయేది ఒక్కటే. ఆ శనివారం దుకాణం మూసేసి మీ ఇంటికి రమ్మని నువ్వు ఎందుకు ఫోను చేశావని. ప్రభుత్వ రహస్యం ఇంట్లోవాళ్ళకు ముందుగా చేరవేశావా లేదా అన్నది దాని మీదే తేలుతుందట. జవాబు నా దగ్గర లేదు. నీ దగ్గర ఉంది, నువ్వేమో చెప్పడం లేదు. అది నా సొంత విషయం అని ఒక్క ముక్క రాసిచ్చి ఊరుకున్నావని విన్నాను. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. చెయ్యి కాలినా వెనక్కి దాచుకుని నవ్వేదానివి. అప్పుడు నాకు ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతోంది.

మా వైపు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మిగతా సగం చెబుతాను, విను.

నువ్వు ఆ హెచ్చరిక స్థాయిలు నిర్ణయించే ఆఫీసులో చేరినప్పటి నుంచీ మన ఇంటికి ఒక రోగం పట్టుకుంది. మన కళ్ళజోళ్ళ దుకాణం ఉన్న రైల్వేస్టేషను హాల్లో గోడ మీద రంగుల బోర్డు ఉంది కదా, ఉగ్రవాదుల దాడి జరిగే ప్రమాదం ఎంతుందో అయిదు మెట్లుగా చూపించేది. ఊరంతా ఆ బోర్డును చూస్తుంది. మన ఇంట్లోవాళ్ళు మాత్రం నిన్ను చూస్తారు. రైల్లో వచ్చావా, కారులో వచ్చావా? కూర రెండోసారి వేసుకున్నావా, కంచం ముందు దిక్కులు చూశావా? ఆఫీసు సంగతి ఒక్కటి కూడా ఏనాడూ నువ్వు నోరు జారి చెప్పలేదు. అందుకే నీ ముఖం చదవడం మొదలుపెట్టాం. మీ వదిన బజారుకు బయల్దేరే ముందు నీకు ఫోను చేసి ఊసుపోక కబుర్లు చెప్పేది చూడు, అవి ఊసుపోక చెప్పినవి కావు. నీ గొంతు ఎలా ఉందో విని, బాగుంటే చెప్పులు వేసుకునేది.

బోర్డు ‘తీవ్రం’ అనే నాలుగో మెట్టుకు ఎక్కినప్పటి నుంచీ మా హాలు రూపే మారిపోయింది. చెత్తడబ్బాలు తీసేసి, లోపల ఏముందో కనబడే సంచులు వేలాడగట్టారు. ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి దుకాణదారులందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. దిక్కు లేకుండా పడి ఉన్న సంచిని ముట్టుకోవద్దు, దూరం జరిగి మాకు చెప్పండి, ఎవరో అన్నారని పరిగెత్తొద్దు, మేం చెప్పేదీ బోర్డు చెప్పేదీ వినండి అంది. ఓపిక గల మనిషి. సంచుల దుకాణం ఆయన లేచి, మరి నా దుకాణంలో ఉన్నవన్నీ దిక్కులేని సంచులే కదమ్మా అంటే కూడా కోప్పడలేదు. నన్ను హాలు బాధ్యుణ్ణి చేసి, నారింజరంగు కోటు, విజిల్ ఇచ్చింది. ఆ కోటు చూసి అమ్మ నాకు ఈ వయసులో సర్కారు ఉద్యోగం వచ్చిందని పక్కింటావిడకు చెప్పుకుంది. హాలు ఖాళీ చేయించే మొదటి కసరత్తులో నేను విజిల్ ఊదగానే జనం గేటు వైపు పోకుండా, ఏమైందో కనుక్కుందామని నా మీదికే వచ్చారు. రెండోసారికి కాస్త నయం.

అలా దారిలో పడుతున్న సమయంలో, ఆ గురువారం మీ వదినకు నీ ఫోను వచ్చింది. శనివారం దుకాణం తెరవొద్దని అన్నయ్యకు చెప్పు, బజారు పనులేమీ పెట్టుకోకండి, అమ్మను తీసుకుని అందరూ మా ఇంటికి రండి అన్నావట. ఇన్నేళ్ళలో నువ్వు అలా పిలిచింది లేదు. ఫోను పెట్టేసి మీ వదిన బజారు చీటీ చింపేసింది. ఎందుకని అడగలేదా అన్నాను. అడిగితే మాత్రం చెబుతుందా, చెప్పకుండా చెప్పడానికే కదా పాపం ఫోను చేసింది అంది. నాకూ నిజమే అనిపించింది. నారింజ కోటు వేసుకున్న నాకే అనిపించింది.

ఆవిడ తన చెల్లెలికి, నీకొక్కదానికే చెబుతున్నానని చెప్పింది. ఆ చెల్లెలు సంచుల దుకాణం ఆయన భార్యకు, నీకొక్కదానికే అని చెప్పింది. శనివారం పొద్దున నా షట్టరు లేవకపోయేసరికి హాల్లో ఇంకెవరూ లేపలేదు. బాధ్యుడే పత్తా లేకపోతే ఎవరు మాత్రం తెరుస్తారు? దుకాణాలన్నీ మూసి ఉండటం చూసి రైలు దిగినవాళ్ళు బెదిరిపోయారు. మెట్ల మీద తోపులాటలో పత్రికలమ్మే పెద్దాయన పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. గోడ మీద బోర్డు మాత్రం అదే రంగులో అలాగే ఉంది. నిన్న ఆయన్ని చూడటానికి వెళ్తే, మీ చెల్లెలిది ఏం తప్పు నాయనా, మనమే కదా ఊహించుకుని పరిగెత్తాం అన్నాడు. తలెత్తుకోలేకపోయాను.

ఇక మీ ఇంట్లో ఆ రోజు. మేము టార్చిలైటు, మందులు, దుప్పట్లు, ఇంటి కాగితాలు అన్నీ మూటగట్టుకుని దిగాం. తలుపు తీసి ఆ మూటలు చూసి నువ్వు బిత్తరపోయావు. బల్ల మీద నీ చేత్తో చేసినవన్నీ సర్ది ఉన్నాయి, పెళ్ళిలో ఇచ్చిన మంచి పళ్ళేలు కూడా తీశావు. బావగారేరని నేనడిగితే ఊళ్ళో లేరని చెప్పి వంటింట్లోకి వెళ్ళావు. అదుగో, ఆయన్ని ముందే దూరం పంపేసిందని మీ వదిన నా చెవి కొరికింది. దుప్పట్లు పెట్టడానికి బీరువా తెరిచి చూసి వచ్చి, సగం ఖాళీగా ఉంది, సామాను కూడా తరలించేశారు అని చెప్పింది. అమ్మను కిటికీ పక్క నుంచి లేపి లోపలి గదిలో కూర్చోబెట్టాను. తిన్నామన్న పేరే కానీ అందరి కళ్ళూ టీవీ మీదే. సాయంత్రానికి ఏమీ కాకపోయేసరికి హమ్మయ్య అనుకుని మూటలు ఎత్తుకున్నాం. నువ్వు గుమ్మంలో నిలబడి, ఇంకాసేపు ఉండకూడదా అన్నావు. దుకాణం ఏమైందో చూసుకోవాలి అన్నాను.

ఇదీ సంగతి. రేపు ఇదంతా ఉన్నదున్నట్టు చెబుతాను. మా చెల్లెలు మాకు ఏ రహస్యమూ చెప్పలేదు, మేమే లేనిది ఊహించుకున్నామని ఒట్టేసి చెబుతాను. కానీ మరి ఎందుకు పిలిచిందయ్యా అని అడిగితే నోరెళ్ళబెట్టాలి. ఇన్నేళ్ళు నిజాయితీగా చేసిన ఉద్యోగం, ఒక్క మాట చెప్పనందుకు పోగొట్టుకుంటావా? ఆ మాట నాకైనా చెప్పు తల్లీ. తిట్టను. ఈ పూటే దుకాణం కుర్రాడి చేత ఉత్తరం పంపుతున్నాను, అందగానే మీ పక్కింటివాళ్ళ ఫోను నుంచైనా పలుకు.

అమ్మ నిన్ను వేళకు తినమంటోంది. మీ వదిన ఏమీ అనడం లేదు, మూడు రోజులుగా ఎవరికీ ఫోను చెయ్యడం లేదు, అది ఆవిడకు పెద్ద శిక్షే.

ఇట్లు,
నీ మీద కోపంతో, అంతకు మించిన బెంగతో,
అన్నయ్య

తా.క. కవరు అంటించబోతుంటే మీ ఆయన దుకాణానికి వచ్చాడు. కళ్ళజోడు చూపించుకోవడానికి అనుకుని కుర్చీ వేశాను. కూర్చోలేదు. నీ సంగతి ఈ పొద్దున పేపర్లో చూశాడట. నువ్వు ఫోను చెయ్యడానికి ముందురోజు, బుధవారం నాడు, తన బట్టలు సర్దుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయానని చెప్పాడు. మళ్ళీ రానని కూడా చెప్పాడు. కొట్టలేదు, చేతిలో నీ ఉత్తరం ఉంది కాబట్టి. నీ ఉద్యోగం నిలబడుతుందంటే రేపు తానే వచ్చి అధికారికి ఆ మాట చెబుతానన్నాడు. చిట్టి అడగకుండా నువ్వు నోరెత్తొద్దని పంపేశాను.

మొగుడు వదిలేసి వెళ్ళాడని ఆఫీసు కాగితం మీద రాయడం కన్నా ఉద్యోగం పోవడమే నయమనుకున్నావా పిచ్చితల్లీ? ఖాళీ ఇంట్లో మొదటి శనివారం ఒక్కదానివే ఉండలేక మమ్మల్ని పిలిచావు. మేము సగం ఖాళీ అయిన బీరువా చూశాం, ఒంటరిగా ఉన్న నిన్ను చూశాం, అన్నిటినీ బాంబుకే ముడిపెట్టాం. నువ్వెలా ఉన్నావని ఒక్కరం అడగలేదు. ఏడుపొస్తోంది, దుకాణంలో ఎవరో ఉన్నారు.

రేపు అధికారికి చెప్పమంటే చెబుతాను. వద్దంటే ప్రాణం పోయినా చెప్పను. అది నీ ఇష్టం, నీ నోటితోనే వింటాను. ఈ ఉత్తరం కుర్రాడి చేత పంపడం లేదు, నేనే తెస్తున్నాను. అమ్మకు విషయం చెప్పాను. మోకాళ్ళ సంగతి మర్చిపోయి అప్పుడే మెట్లు దిగుతోంది.