సెర్చ్‌లో దొరకని పేజీ

ఆదివారం, మధ్యాహ్నం

బంగారుతల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాసి, కాసేపాగి మళ్ళీ చదువుకున్నాను. కొట్టేయలేదు. ఒంటి వరకూ చూసుకుంటే అది నిజమే. ఎవరికీ జ్వరం లేదు, దగ్గు లేదు. మిగతాది కింద రాస్తాను, నెమ్మదిగా చదువు.

నీ ఉత్తరం బుధవారం సామాన్ల బండిలో వచ్చింది. గాలి ఎంత వేగంగా వీస్తోందో కొలవడానికి ఆ కొండ మీద నలుగురు మనుషులా, మాట్లాడుకోవడానికి మాత్రం ఫోను అందదా, ఇదెక్కడి చోద్యమే! మీ నాన్న కుట్టు మిషను ఆపి మరీ రెండుసార్లు చదివారు. "అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, అచ్చం నీ పోలికే" అన్నారు. ఎప్పుడూ అనే మాటే. ఈసారి మాత్రం నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకో నీకే తెలుస్తుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు తగ్గింది, మెట్లెక్కేటప్పుడు మాత్రం పట్టేస్తోంది. స్వెటర్ రంగు నచ్చకపోతే నచ్చలేదని రాయి, "భలే వెచ్చగా ఉంది" అని తప్పించుకోకు. ఇక చివర్న "మావయ్య నా ఉత్తరానికి జవాబెందుకు రాయలేదు?" అనీ, "ప్లాంటులో కొత్త నోట్‌బుక్‌లు అలవాటయ్యాయా?" అనీ పక్కపక్కనే అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఒకటే. అదెలా రాయాలో తెలియక ఈ కాగితం ముందు పొద్దున్నుంచీ కూర్చున్నాను.

మా వాటర్ ప్లాంటులో ఇదివరకు షిఫ్టు పుస్తకం ఎలా ఉండేదో నీకు గుర్తుండే ఉంటుంది. బల్లకు దారంతో కట్టిన పెన్సిలు, తడిచేతులతో తిప్పీ తిప్పీ ఉబ్బిపోయిన పేజీలు. దిగిపోయే షిఫ్టువాళ్ళు ఏ ట్యాంకు ఏ స్థితిలో ఉందో రాస్తే, ఎక్కే షిఫ్టువాళ్ళు చదివి వాల్వులు తిప్పేవాళ్ళు. ఏడాది కిందట అది తీసేసి ట్యాబులు ఇచ్చారు. మనం రాసే నోట్‌బుక్‌లన్నీ పక్క గదిలో ఏసీ పెట్టి పడుకోబెట్టిన సర్వర్‌లోకి వెళ్తాయట. ఎవరు రాసింది ఎవరైనా చూడొచ్చు. పైన ఒక గడి ఉంటుంది, అందులో మాట కొడితే అందరి నోట్‌బుక్‌లూ క్షణంలో గాలించి పట్టుకొస్తుంది. కంప్యూటర్లు చూసే ఆవిడ మొదటి రోజే చెప్పింది, "ఇక పేజీలు తిప్పే పని లేదండీ. సెర్చ్‌లో కొట్టండి, చాలు."

టైపు కొట్టడం నా వల్ల ఎక్కడవుతుంది! ఒక వత్తు కోసం వెతుక్కునేలోపు రెండు పంపులు ఆపి రావచ్చు. "పెన్నుతో కూడా రాసుకోవచ్చండీ" అని ఆవిడే అంది. ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచీ పలక మీద రాసినట్టు ఆ గాజు మీద నా చేతి రాతే. ఏడాదంతా అలాగే రాశాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు మావయ్య సంగతి. ఇరవై నాలుగు రోజుల కిందట నా షిఫ్టు అయిపోయింది, వాడి షిఫ్టు మొదలైంది. ఆ రోజు మూడో ట్యాంకు కడగడానికని బ్లీచింగ్ నీళ్ళు పోసి నానబెట్టాం. అయిదో ట్యాంకు శుభ్రమై, ఊరికి నీళ్ళివ్వడానికి సిద్ధంగా ఉంది. మావయ్య మూడో ట్యాంకు వాల్వు తిప్పాడు. ఆ ఘాటు నీళ్ళు పెద్ద పైపులోకి వెళ్ళిపోయాయి. నీళ్ళలో బ్లీచింగ్ ఎంతుందో కొలిచే మీటరు మోగింది, వాడే పరుగెత్తి నాలుగు నిమిషాల్లో మూసేశాడు. దేవుడి దయ, ఒక్కరి గ్లాసులోకీ చేరలేదు. కానీ పైపులన్నీ కడిగేదాకా సగం ఊరికి ఒకటిన్నర రోజు నీళ్ళు లేవు. జనం ఖాళీ బిందెలతో గేటు దగ్గర నిలబడి మమ్మల్ని పేరుపేరునా తిట్టారు. తిట్టరా మరి!

మావయ్యను పనినుంచి ఆపేశారు. ఎంక్వైరీలో వాడు చెప్పింది ఒకటే మాట. "బల్లమీద ట్యాబు తెరిచుంది. అందులో మూడు తెరవమని ఉంది. చదివాను, తెరిచాను." ఇంజనీరుగారు మా అందరి ముందూ సెర్చ్‌లో "మూడో ట్యాంకు" అని కొట్టారు. రెండొందల పద్నాలుగు పేజీలొచ్చాయి. ఆ తారీఖుది ఒక్కటీ లేదు. "ట్యాంకు మూడు" అని కొట్టారు, "మూడు తెరవండి" అని కొట్టారు. లేదు. నా వైపు తిరిగి, "మీరేమైనా రాశారా అమ్మా?" అని అడిగారు.

"రాసినట్టు గుర్తులేదండీ. రాస్తే అయిదనే రాస్తాను" అన్నాను.

ఒట్టు, అప్పటికి అది నిజమే. నాకు నిజంగా గుర్తులేదు. ఆ రోజు ఏం రాశాను, అసలు రాశానా, నోటితో చెప్పి వచ్చేశానా? ఎంత తవ్వుకున్నా తలా తోకా లేని ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. సర్వరే లేదంటుంటే, లేదేమో అనుకున్నాను. పక్క గదిలో గుయ్యిమంటూ అన్నీ గుర్తు పెట్టుకునేది అది, మర్చిపోయేదాన్ని నేను. నా మాట నేనే ఎలా నమ్మను?

ఆ రోజునుంచి వాడు మనిషి మనిషిలా లేడే. భోజనం ఎప్పటిలాగే మనింట్లోనే. ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోతాడు. "అక్కా, నేను చూశాను కదా. మూడనే ఉంది కదా. లేని అక్షరం నాకెలా కనబడింది?" అంటాడు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తాడు. క్యాలెండరు ముందు నిలబడి ఇవాళ ఏ వారమని మీ నాన్నను అడుగుతాడు. ఒకరోజు వాడికి నువ్వు రాసిన ఉత్తరం చేతిలో పెడితే, ఒక్కో లైనూ వేలు పెట్టి చదివి, "అక్కా, దీనిలో స్వెటర్ అని ఉందా, నాకలా కనబడుతోందా?" అని అడిగాడు. జవాబు రాయకపోవడానికి కారణం అదీ. రాస్తే ఏం రాస్తాడో అని వాడికే భయం. పైగా నన్నే ఓదారుస్తాడు, "నా వల్ల నీకూ మాటొచ్చిందక్కా" అని.

గురువారం ఆఖరి నిర్ణయం. ఉద్యోగం పోవడం ఖాయమని అందరూ అంటున్నారు. ఉద్యోగం పోతే పోయింది, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఎలాగో బతుకుతాడు అనుకుందాం. తన కళ్ళనీ తన బుర్రనీ నమ్మడం మానేస్తే ఎలా బతుకుతాడు?

ఇక అసలు మాట. ఎన్నిసార్లు మొదలుపెట్టి నీళ్ళు నమిలానో ఈ కాగితం వెనక కొట్టివేతలు చూస్తే నీకే తెలుస్తుంది.

ఆ పేజీ దొరికింది. పోయిన శుక్రవారం కాదు, అంతకు ముందు శుక్రవారం. తొమ్మిది రోజులైంది. ఒక పంపు ఇదివరకెప్పుడు విప్పామో చూడ్డానికి "పాత మరమ్మతులు" అనే నోట్‌బుక్ తెరిచాను. సెర్చ్ కొట్టడం చాతకాక వేలితో ఒక్కో పేజీ జరుపుతున్నాను. జరుపుతూ జరుపుతూ ఉంటే నా చేతి రాత! "మూడు తెరవండి. అయిదు నానుతోంది." పైన ఆ తారీఖు, టైము కూడా అదే వేసుకుంది. షిఫ్టు నోట్‌బుక్ అనుకుని వేరే నోట్‌బుక్‌లో రాసేశాను. రాసిందీ తిరగేసి రాశాను. ఎవరూ తొందర పెట్టలేదు, ఫోను రాలేదు, ఒంట్లో బాగానే ఉంది. మూడు గురించి ఆలోచిస్తూ మూడు రాశాను, అంతే. ఇంతకన్నా చెప్పుకోవడానికి నాకేమీ లేదు.

మరి సెర్చ్‌కి ఎందుకు దొరకలేదు? కంప్యూటరావిడ దగ్గరికెళ్ళి, ఊరికే అడుగుతున్నట్టు అడిగాను. "పెన్నుతో రాసింది దానికి బొమ్మలాగే కనబడుతుందండీ. అక్షరాలని దానికి తెలీదు. పైన ఒక్క ముక్క టైపు కొడితేనే పట్టుకుంటుంది" అంది. అంటే ఏడాదిగా నేను రాసిందంతా సర్వర్ లెక్కలో రాయనట్టే.

ఇంకో మాట కూడా అడిగాను. నీ దగ్గర దాచను. "ఏదైనా పేజీ తీసేస్తే పూర్తిగా పోతుందా?" అని అడిగాను. "పోదండీ, ఎవరు ఎప్పుడు తీసేశారో కూడా అందులో ఉంటుంది" అంది. నేను ఆ పేజీ తీసేయలేదు. తీసేయకపోవడం నా మంచితనమో, ఆ మాట విన్న భయమో, ఎంత ఆలోచించినా నాకే అర్థం కావడం లేదు. తీసేయలేదు, చెప్పనూ లేదు. రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేస్తాననుకుంటాను. ప్లాంటు గేటు దాటగానే, ఇరవై ఆరేళ్ళుగా ఒక్క మాట పడని మనిషిని ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకుంటాను. ఇంటికొచ్చి వాడికి వడ్డిస్తాను. నేనేనా ఈ పని చేస్తున్నది అని నాకే ఆశ్చర్యం.

ఉండు. గేటు చప్పుడైంది. వాడే.

మంగళవారం

అక్కడ ఆపినదాన్ని మళ్ళీ ఇవాళ కూర్చున్నాను. రేపు పొద్దున్నే బండి వెళ్ళిపోతుంది.

ఆదివారం వాడొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేను వడ్డించలేదు. నిలబడే చెప్పేశాను.

"ఒరేయ్, ఆ పేజీ ఉందిరా. నేనే రాశాను. మూడు తెరవమనే రాశాను."

వాడు తలెత్తి చూశాడు. కోపం లేదు. వినబడలేదేమో అనుకున్నాను.

"మూడనే ఉందా?"

"మూడనే ఉంది."

"అయితే నేను సరిగ్గానే చదివానా అక్కా?"

"సరిగ్గానే చదివావు నాన్నా."

రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "సరిగ్గానే చదివాను. నాకేం కాలేదు. బావా, విన్నావా, నేను సరిగ్గానే చదివాను!" అని మీ నాన్నను పిలిచాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. మీ నాన్న చేతిలో కత్తెరతో గుమ్మంలో నిలబడిపోయారు. నేనూ ఏడ్చాను. అంతటితో గండం గడిచిందనుకున్నాను, పిచ్చిదాన్ని.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగాడు, "ఎప్పుడు దొరికిందక్కా?"

"తొమ్మిది రోజులైంది."

వాడు కంచం కేసి చూస్తూ ఏదో లెక్క పెట్టుకున్నాడు. "మొన్న బుధవారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. కళ్ళు బాగానే ఉన్నాయి, తలకి పరీక్షలు చేయించండి అన్నాడాయన. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఇంతకన్నా చిన్న మాట నా జన్మలో అనలేదు. నోరు కాలినట్టయింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. లేచి, చెప్పులేసుకుని, "రేపు తొమ్మిదింటికి ఆఫీసుకొస్తాను. ముందు నువ్వు మాట్లాడు" అన్నాడు. వెళ్ళిపోయాడు. మీ నాన్న ఆ కంచం తీసి లోపల పెట్టారు.

నిన్న ఆఫీసులో చెప్పాను. ఇంజనీరుగారు నమ్మలేదు, "తమ్ముడి కోసం చెప్తున్నారా?" అన్నారు. అందరూ చూస్తుండగా ఆ పేజీ తెరిచి, దాని నెత్తిన ఒక్కో అక్షరమే టైపు కొట్టాను, "మూడో ట్యాంకు, షిఫ్టు మార్పు" అని. ఆయన మళ్ళీ సెర్చ్ కొట్టారు. ఈసారి రెండొందల పదిహేను వచ్చాయి. కొత్తది అన్నిటికంటే పైన కూర్చుంది. పేజీ ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో సర్వరే చెప్పింది. మావయ్య గోడకానుకుని చూశాడు. దగ్గరికొచ్చి చదవలేదు.

గురువారంనుంచి వాడిని పనిలోకి రమ్మన్నారు. నన్ను షిఫ్టునుంచి తప్పించారు. నా సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా, ఏడాదిగా నా చేత్తో రాసిన పేజీలన్నీ తెరిచి, ఒక్కోదానికీ తల మీద పేరు టైపు కొట్టమన్నారు. మూడొందల పైచిలుకు ఉన్నాయి. నిన్నా ఇవాళా కలిపి పదిహేడు చేశాను.

వాడు ఆదివారంనుంచి మనింటికి భోజనానికి రాలేదు. నేనే వాడుండే గది దాకా వెళ్ళాను. దీపం వెలుగుతోంది, లోపల రేడియో మోగుతోంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తి, తట్టకుండా వచ్చేశాను. ఏమని పిలవను? నిజం చెప్పాక మనసు తేలికపడుతుందంటారు. నాకలా ఏమీ లేదు. తప్పు రాసినందుకు సిగ్గు లేదు, అది ఎవరికైనా జరుగుతుంది. ఆ డాక్టరు గదిలో వాడి చెయ్యి పట్టుకున్నది ఎవరో, ఆవిడ నాకు అర్థం కావడం లేదు.

నాకొక పని చేసిపెట్టు. నువ్వు వాడికి ఉత్తరం రాయి. నన్ను వెనకేసుకు రాకు, క్షమించమని అడగకు, నా ఊసే ఎత్తకు. "మావయ్యా, నువ్వు సరిగ్గానే చదివావు" అని రాయి. కోడి కెలికినా సరే, నీ చేత్తోనే రాయి. నేను చెప్పాను, సర్వర్ చెప్పింది. అయినా నిన్న గోడ దగ్గర వాడి కళ్ళు చూశాను. ఆ మాట, వాడితో ఎప్పుడూ అబద్ధమాడని మనిషి ఎవరైనా చెప్పాలి.

ఇట్లు,
నీకు మాత్రం ఏదీ దాచలేని,
మీ అమ్మ