ఎరుపుకి ఒక ముడి, పచ్చకి రెండు

వనపర్తి,
ఫిబ్రవరి 4

మా సుదర్శన్ సార్‌కి,

కవరు మీద నా చేతిరాత గుర్తుపట్టి చింపి పారేస్తారేమోనని భయపడుతూనే రాస్తున్నాను. ఇరవై ఐదేళ్ళ కింద నాగర్‌కర్నూల్‌లో మీ టీవీ షాపు నుంచి ఒక సోమవారం పొద్దున చెప్పాపెట్టకుండా పోయిన నరేందర్‌ని. మీకు ఫోన్‌లో మాట వినపడడం లేదని తెలిసింది. వినపడినా ఈ సంగతి నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

మీరు పని నేర్పారు, రెండేళ్ళు మీ ఇంట్లో అన్నం పెట్టారు. అలాంటి మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా పోయాను. ‘వానికి కండ్లు నెత్తికెక్కినయ్’ అని మీరు అన్నట్టు తర్వాత ఎవరో చెప్పారు. మీకు అనే హక్కుంది. కానీ సార్, కళ్ళు నెత్తికెక్కలేదు, ఆ కళ్ళలోనే లోపముంది. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టినప్పటి నుంచీ తెలియదు.

మాది ఉప్పునుంతల కదా. అమ్మ మిరప తోటల్లో కూలికి పోతూ నన్నూ తీసుకుపోయేది. పండినవి కోయమంటే నేను పచ్చివీ కోసి గంపలో వేసేవాణ్ణి. ఒకరోజు మేస్త్రీ గంప కుమ్మరించి అమ్మను నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, “ఇది ఎవ్వరికీ చెప్పకు బిడ్డా, కండ్లు లేనోడంటరు” అంది. ఆ మాటే పట్టుకుని ఇన్నేళ్ళూ బతికాను.

మీ షాపులో దొరికిపోకపోవడానికి కారణం మీ పద్ధతే. ఏ సెట్టు విప్పినా ముందు మీరే కూర్చుని, గోనెసంచులు కుట్టే దారంతో ఎర్ర తీగకి ఒక ముడి, పచ్చ తీగకి రెండు ముడులు వేసేవారు. నీలానికి ఏమీ ఉండదు. ముడి జారకుండా పైన ఒక వార్నీష్ చుక్క. ఆ తర్వాతే సెట్టు మా చేతికి వచ్చేది. రంగు కనబడుతుంటే ముడి దేనికని మిగతావాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఈ షాపు పద్ధతి ఇదే, ఇష్టముంటే ఉండు, లేకుంటే పో అనేవారు మీరు. నేను మాత్రం ఆ దారానికి లోలోపల దండం పెట్టుకునేవాణ్ణి.

ఆ ఆదివారం మీరు అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, రేపటి సంది కలర్ టీవీల బల్ల నరేందర్‌దే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బల్ల మీద తెర రంగు సరిచేయాలి, మొహం ఎరుపుకి పోతోందో పచ్చకి పోతోందో చూసి తిప్పాలి. అక్కడ ఏ ముడీ నన్ను కాపాడలేదు. తెల్లవారగానే బస్సెక్కాను.

వనపర్తిలో షాపు పెట్టుకున్నాను. పెళ్ళయ్యాక నా భార్య సుప్రియకి ఒక్కదానికే నిజం చెప్పాను. ఆమె తెర ముందు కూర్చుని ‘ఎర్రగైంది, జర తగ్గియ్యి’ అంటుంది, నేను వెనక తిప్పుతాను. అట్లా మంచి మెకానిక్ అన్న పేరొచ్చింది. పేరు పెరిగేకొద్దీ భయమూ పెరిగింది.

ఇప్పుడు అసలు పరీక్ష వచ్చింది. కొల్లాపూర్‌లో స్వరూప అని, మామిడి తోటలు చూసుకునే ఆమె ఉంది. కాయలు మాగబెట్టే గది ఒకటి ఖాళీ అయితే దాన్ని చిన్న సినిమా హాలు చేసుకుంటోంది. శ్రవణ్ కుమార్ అని మా ఊళ్ళో కొత్త ప్రొజెక్టర్లు అమ్మే అబ్బాయి ఒకటి పెట్టి చూపించాడట. చీకటి సీనంతా బూడిద పూసినట్టు వచ్చిందని ఆమె దాన్ని వాపసు పంపింది. ఆమెకి నలుపు నల్లగా కనబడాలి. చిన్నప్పుడు గద్వాల వీడియో హాల్లో చూసిన మూడు కళ్ళ మిషన్ కావాలి. మీకు తెలిసిందే, టీవీ ట్యూబులాంటివే మూడుంటాయి, ఎరుపు, పచ్చ, నీలం బొమ్మలను మూడు లెన్సుల గుండా ఒకే తెర మీద వేస్తాయి. ఇప్పుడు కొత్తవి ఎవరూ తయారు చేయడం లేదు, పాతవాటిలోనే ఏరుకోవాలి.

గద్వాలలో ఆ హాలు నడిపిన నాగేశ్ దగ్గర రెండున్నాయి. ఏది కొనాలో చెప్పమని స్వరూప నన్ను పిలిచింది. శనివారం పోవాలి. శ్రవణ్ కూడా వస్తున్నాడు. వాడి చూపు చాకులాంటిది. సుప్రియను వెంటబెట్టుకుపోయి చెవిలో రంగులు చెప్పించుకుంటే నవ్వులపాలవుతాను. ఒంటరిగా పోయి తప్పు చెబితే ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది.

జ్వరమొచ్చిందని తప్పించుకోవచ్చు. కానీ ఒకసారి పారిపోయినందుకే ఇన్నేళ్ళు నిద్ర సరిగా లేదు. ఈసారి పోతున్నాను. అక్కడ నా బండారం బయటపడితే ఆ కబురు మీకు ఇంకొకరి నోటి నుంచి రాకూడదని ముందే రాస్తున్నాను.

మీ అన్నం తిని చెప్పకుండా పోయినవాడు,
నరేందర్


వనపర్తి,
ఫిబ్రవరి 19

మా సార్‌కి,

గెలిచాను. ముందు ఈ మాట రాయకపోతే కలం ముందుకు కదలడం లేదు.

మీ నుంచి జవాబు రాలేదు. రాకపోయినా పరవాలేదు, ఇది మాత్రం మీరు వినాలి. శనివారం గద్వాలలో నాగేశ్ గోదాముకు పోయాం. పట్టపగలు కాబట్టి కిటికీలకు నల్ల గొంగళ్ళు కట్టి చీకటి చేశారు. మొదటి మిషన్ ఒక ఫంక్షన్ హాల్లో వాడినదట. రంగు వేసి, లెన్సులు తుడిచి, పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి పెట్టారు. పాట వేస్తే బొమ్మ ధగధగలాడింది. గిదే తీస్కో అక్కా, ఇంక చూసేదేముంది అని శ్రవణ్ తీర్పు చెప్పేశాడు. స్వరూప నా వైపు చూసింది.

నేను ఒక్కో కన్నూ విడిగా చూస్తానన్నాను. రెండు లెన్సులకు మూతలు పెట్టించి, మధ్యనున్న పచ్చ ట్యూబు ఒక్కటే వెలిగించి, తెర నిండా వట్టి వెలుతురు వేయించాను. వాళ్ళందరికీ పచ్చటి గోడ కనబడింది, బాగుందన్నారు. నాకు రంగు దొరకదు కదా సార్, దొరికేది వెలుగూ నీడలే. కింది భాగంలో అడ్డంగా ఒక మసక పట్టీ ఉంది. ట్యూబు అరిగిపోయింది, వద్దన్నాను. “ఏడున్నదన్నా మసక? నాకు కనబడ్తలేదు” అన్నాడు శ్రవణ్. వాడి కళ్ళు నాకంటే మంచివని నాకూ తెలుసు. అయినా పట్టు విడవలేదు. మిషన్ ఆపించి, లెన్సు విప్పి, టార్చి ఏటవాలుగా వేసి చూపించాను. గాజు వెనక ముదురుగా ఒక మరక. అందులో ఆ ఫంక్షన్ హాలు పేరు అక్షరాలతో సహా లీలగా కాలిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ప్రతి పెళ్ళిలో ఆ పేరు తెర అడుగున అక్కడే ఉండేదట. పైన పటారం, లోన లొటారం. నాగేశ్ కూడా ముక్కున వేలేసుకున్నాడు. పాపం, ఆయనకూ తెలియదు.

రెండోది గోనెసంచుల కింద బల్లి గుడ్లతో సహా పడి ఉంది. అది నాగేశ్ సొంత వీడియో హాల్లోది, ఆ హాలు మూతపడేదాకా రెండేళ్ళే ఆడింది. టార్చి వేస్తే మూడు గాజులూ కడిగిన కంచాల్లా ఉన్నాయి. నేను సంబరపడిపోయి బొమ్మ వేయించాను. వేయగానే అందరూ పకపకా నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. శ్రవణే అన్నాడు, “మనుషుల మొఖాలు పచ్చగున్నయ్, చెట్లు ఎర్రగున్నయ్. ఇది చచ్చిన మిషన్ అక్కా.” స్వరూప మొహం చిన్నబోయింది. ఇంక పోదామని చెప్పులు వెతుక్కుంటోంది.

నేను మూత ఎత్తాను. లోపల తీగలన్నీ దుమ్ముతో ఒకే రకంగా ఉన్నాయి. దుమ్ము లేకున్నా నాకు ఒకే రకం. చేత్తో తడుముతుంటే పచ్చ ట్యూబుకి పోయే తీగ మీద ఏదో గరుకుగా తగిలింది. గోనెసంచి దారం. ఒక ముడి. పైన వార్నీష్ చుక్క. సార్, ఒళ్ళు జలదరించింది. పక్క ట్యూబు తీగ తడిమాను. రెండు ముడులు. ఎరుపుకి పోవాల్సింది పచ్చకీ, పచ్చకి పోవాల్సింది ఎరుపుకీ పెట్టారు. ఎవరో తుడవడానికి ఊడదీసి తారుమారు చేశారు, అంతే. మిషన్‌కి ఏ రోగమూ లేదు. కళ్ళు మూసుకునే ఆ రెండూ మార్చి పెట్టి, మళ్ళీ బొమ్మ వేయించాను.

“ఇప్పుడు మనిషి మనిషి లెక్కున్నడు” అంది స్వరూప మెల్లగా.

చూడకుండానే ఎట్ల పట్టినవన్నా అని శ్రవణ్ నోరెళ్ళబెట్టాడు. మీసం మెలేసి ఊరుకుంటే సరిపోయేది. వనపర్తి దాకా నా పేరు మోగిపోయేది. కానీ చేతిలో ఇంకా మీ షాపు ముడి ఉంది సార్. దాన్ని పట్టుకుని అబద్ధమాడడానికి నోరు రాలేదు. “నాకు ఎరుపూ పచ్చా తెల్వదు. పుట్టినకాడి నుంచి తెల్వదు. మా గురువు పద్ధతి తెలుసు, గంతే” అనేశాను. నా పని అయిపోయిందనుకున్నాను.

స్వరూప చెప్పులు వదిలి మళ్ళీ లోపలికొచ్చింది. “నేను నిన్ను రంగులు అడగలేదు కదన్నా. నలుపు అడిగిన. అది నీకు తెలుసు కదా” అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శ్రవణ్ తల గోక్కుని, “రంగులు నేను చెప్త, నువ్వు తిప్పు అన్నా” అన్నాడు. వాణ్ణి ఇన్నాళ్ళూ తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

నిన్న కొల్లాపూర్‌లో బిగించాం. నలుగురు మోస్తే గాని లోపలికి రాలేదు. మూడు బొమ్మలనూ గీత మీద గీత కూర్చోబెట్టడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. ఆ పని గీతలది, రంగులది కాదు, నేనొక్కణ్ణే చేశాను. రంగులు శ్రవణ్ చెప్పాడు. నా పక్కన సుప్రియ కూర్చుంది, ఈసారి ఏమీ చెప్పకుండా ఊరికే చూడడానికి. సినిమాలో అడవి చీకటి సీను రాగానే స్వరూప లేచి నిలబడి, కరెంటు పోయిందా అని అడిగింది. పోలేదమ్మా, అదే నలుపు అన్నాను. ఆ మాగబెట్టే గదిలో ఆమె చప్పట్లు కొట్టింది సార్, చిన్నపిల్లలాగా.

ఒక్కటే తెలియడం లేదు. మన షాపులో నేర్చుకున్నవాళ్ళలో ఆ మిషన్ విప్పి ముడులు వేసిందెవరు? వాళ్ళ ఊరు చెబితే వెళ్ళి దండం పెట్టి వస్తాను.

తల ఎత్తుకుని రాస్తున్న
మీ నరేందర్


నాగర్‌కర్నూల్,
ఫిబ్రవరి 26

బిడ్డా నరేందర్,

నీ మొదటి ఉత్తరం చింపలేదు. జవాబు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ముసలితనం అనుకో.

నీకు రంగులు తెలియవని నువ్వు చేరిన మూడో రోజే నాకు తెలుసు. ఒక సెట్టులో ఎర్ర తీగ తెచ్చి పచ్చదాని చోట అతికించావు. తప్పు ఎవడైనా చేస్తాడు. కానీ ఇది చూడు అని నేనంటే నువ్వు తీగను చూడలేదు, నా మొహం చూశావు. మరునాడు పొద్దున్నే పోయి గోనెసంచి దారం ఉండ కొనుక్కొచ్చాను. అంతకుముందు నా షాపులో ఏ ముడీ లేదు. నీ ఒక్కడికే వేస్తే నలుగురూ అడుగుతారు కదా, అందుకే ఇది షాపు పద్ధతి అని అందరి నెత్తినా పెట్టాను.

కలర్ టీవీల బల్ల మీద నీ పక్కన నేను కూర్చుని రంగులు చెబుదామనుకున్నాను. అందరి ముందూ అనడం బాగుండదని, సోమవారం నీ ఒక్కడితో చెబుదామని ఆగాను. సోమవారానికి నువ్వు లేవు. ఆ ఒక్క పూట ఆగడం నా తప్పు.

కండ్లు నెత్తికెక్కినయ్ అన్నది నేనే, కావాలనే అన్నాను. ఎందుకు పోయాడని ఊరంతా అడుగుతుంటే ఏం చెప్పాలి? పొగరుబోతు మెకానిక్‌కి గిరాకీ ఉంటుంది. రంగులు తెలియనివాడికి ఎవడిస్తాడు టీవీ? నువ్వే నోరు విప్పి చెప్పేదాకా నాకు తెలుసనడం మర్యాద కాదని ఇన్నేళ్ళు ఊరుకున్నాను. గోదాములో నలుగురి ముందు చెప్పావు చూడు, ఆ ఒక్క ముక్క మూడుసార్లు చదువుకున్నాను.

నాకు చెవులు పోయాయి గాని కళ్ళు బాగానే ఉన్నాయి. వచ్చే ఆదివారం సుప్రియను తీసుకుని రా. అందరం కలిసి కొల్లాపూర్ పోదాం, ఆ నలుపేదో నేనూ చూస్తాను.

ముడులు వేసిందెవరని అడిగావు. నాగేశ్ ఆ మిషన్ తెచ్చుకున్నది నువ్వు పోయిన రెండేళ్ళకు, నేనే పోయి బిగించాను. అప్పటికి నా దగ్గర ముడితో పనున్నవాడు ఒక్కడూ లేడు. అయినా గద్వాలలో, వనపర్తిలో, ఇక్కడ, నా చేతికి వచ్చిన ప్రతి పెట్టెలోనూ వేస్తూనే వచ్చాను. ఏదో ఒక రోజు, ఏదో ఒక ఊళ్ళో ఆ మూత నువ్వు ఎత్తకపోతావా అని.

ఆదివారం అన్నానికి ఎదురుచూస్తూ,
సుదర్శన్