గోడ అవతలి మాట

నాన్నా, నేను కులాసా. ఎం.ఏ. హిస్టరీ సీటుకి ఇంటర్వ్యూ అయింది. "మీ ఇంట్లో నీకు అంతుపట్టనిది ఏదైనా ఉందా?" అని మేడమ్ అడిగారు. మనకూ పెదనాన్న వాళ్ళకూ మధ్య ఇటుకలతో మూసేసిన తలుపు గురించి చెప్పాను.

"ఎవరు మూశారు?"

"పెదనాన్నేనండీ. మా నాన్న చెప్పారు."

"మరి పెదనాన్నని అడిగావా?"

లేదన్నాను. రెండువైపులా విని రాసుకొస్తే సీటు సంగతి చూస్తారట. అసలేం జరిగిందోనని నాకూ ఒకటే ఆత్రం.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా డిగ్రీ మార్కుల లిస్టు బీరువాలో ఉంది, పంపు.

నీకూ పెదనాన్నకూ మాటల్లేవని తెలుసు. అయినా నువ్వే వెళ్ళి అడుగు. మధ్యలో వాదనకు దిగకు, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. పెద్దమ్మకు నా నమస్కారాలు. ఎందుకొచ్చావని ఆయన అడిగితే, పిల్ల సీటు కోసమని చెప్పు.