పెద్దల్లుడి స్పీకర్లు

6 జులై 2025, ఆదివారం

మావయ్యగారు ఈ వారమూ రాలేదు. వరసగా అయిదో ఆదివారం. గణపవరంలో బస్సెక్కి నేరుగా తాడేపల్లిగూడెం వెళ్లిపోతున్నారు, మా తోడల్లుడు జయంత్ ఇంటికి. వాళ్లు హోమ్ థియేటర్ పెట్టించారు కదండీ, నాన్నగారికి కాలక్షేపం అంది మా ఆవిడ ఉమ. ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖంలో చెల్లెలి ఇంటి గొప్ప కనపడింది.

ఆదివారం మాది. అత్తయ్యగారు పోయినప్పటి నుంచీ, ఆరేళ్లుగా. పొద్దున్నే ఏలూరు వచ్చి మా హాల్లో కూర్చుని సాయంత్రం దాకా నా మాటలు వినేవారు. కాలేజీ గొడవలు, ఆగిపోయిన నా పీహెచ్‌డీ, అన్నీ. వట్లూరు కాలేజీలో నా క్లాసులో అరవై మంది ఉంటారు. ఒక్కడూ అంత శ్రద్ధగా వినడు.

అలాంటి మనిషిని ఈ జయంత్, ఒక ఉల్లిపాయల వ్యాపారి, రిమోట్ చూపించి ఎగరేసుకుపోయాడు.

9 జులై

కుశలం అడిగే వంకతో జయంత్‌కి ఫోన్ చేశాను. ఏం స్పీకర్లు, ఏం రిసీవర్ అని అడిగితే, అబ్బే, మామూలువేనండీ అన్నయ్యగారూ అన్నాడు. మామూలువేనట! ఆ వినయానికే ఒళ్లు మండుతుంది.

12 జులై, సాయంత్రం 6

పవర్‌పేటలో బెంజమిన్ గారి షాపుకి వెళ్లాను. హాలు కొలతలు అడిగారు. ఎక్కువగా చూసేదెవరండీ అని అడిగారు. మా మావగారు అన్నాను. అయితే బడ్జెట్ సెంటర్ స్పీకర్ మీద పెట్టండి సార్, మాటలన్నీ దాంట్లోంచే వస్తాయి, మిగతావి చిన్నవైనా పర్లేదు అన్నారు. కాలేజీలో సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠాలు చెబుతానండీ నేను అన్నాను. ఆయన బిల్లు పుస్తకం తీశారు.

నా నడుం దాటే టవర్ స్పీకర్లు రెండు. గుండెలదిరే మోతకి పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్. ఏడు ఛానెళ్ల రిసీవర్. సెంటర్ స్పీకర్ ఏదో చిన్నది, చూడకుండానే సరే అన్నాను.

గూడెంలో జయంత్ దగ్గర ఇంత ఉండదు. ఉండకూడదు.

14 జులై

టవర్లకి చోటు చాలక సోఫా వరండాలోకి వెళ్లింది.

20 జులై, ఆదివారం

నేనే కారులో గణపవరం వెళ్లి మావయ్యగారిని తీసుకొచ్చాను. దారి పొడవునా చేపల చెరువులు, దారి పొడవునా నా మాటలు. ఆయన తలూపుతూనే ఉన్నారు.

సినిమా మొదలయ్యేసరికి వంటింట్లో స్టీలు గిన్నెలు మోగాయి. యుద్ధం వచ్చేసరికి కిటికీ అద్దాలు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నారాయన. నవ్వొచ్చే చోట మా ముఖాలు చూసి, మేం నవ్వాక నవ్వారు.

ఎలా ఉందండీ అంటే బ్రహ్మాండం అన్నారు. దింపేటప్పుడు, వచ్చే ఆదివారం కూడా వస్తారా అని అడిగాను. అవునండీ, వాన పడేలాగే ఉంది అన్నారు.

తప్పించుకున్నారు. నాకు తెలియదా!

27 జులై, ఆదివారం

మళ్లీ గూడెమే వెళ్లారు. నేనూ ఉమా చెప్పకుండా రైలెక్కి అక్కడికే వెళ్లాం. వాడి దగ్గర ఏముందో కళ్లారా చూడాలి కదా.

మేడ మీద చిన్న గది. టవర్లు లేవు. సబ్‌వూఫర్ అసలే లేదు. గోడకి పిడికెడంత స్పీకర్లు రెండు. మధ్యలో మాత్రం సూట్‌కేసంత సెంటర్ స్పీకర్, స్టూలు మీద, సరిగ్గా మావయ్యగారి చెవుల ఎత్తున. ఏదో పాత కామెడీ నడుస్తోంది. ఆయన పగలబడి నవ్వుతున్నారు. మా అందరికంటే ముందు నవ్వుతున్నారు.

జయంత్‌ని బాల్కనీలోకి పిలిచి ఏమిటిదంతా అన్నాను. తల దించుకున్నాడు. రైస్‌మిల్లులో నలభై ఏళ్లు చేశారు కదండీ, మిషన్ల మోతకి చెవులు దెబ్బతిన్నాయి అన్నాడు. ఏదడిగినా ఆయన వేరే జవాబు చెబుతుంటే అనుమానం వచ్చి, వేసవిలో డాక్టరుకి చూపించాడట. చెవికి మిషన్ పెట్టుకోమంటే నలుగురూ చూస్తారని ఒప్పుకోలేదట. అందుకే ఈ ఏర్పాటు. మోత ఎక్కువైతే మాటలు కలిసిపోతాయండీ, అందుకే మిగతావన్నీ తగ్గించేశాను అన్నాడు.

నాకెందుకు చెప్పలేదు అన్నాను.

మీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారండీ అన్నాడు. పెద్దల్లుడుగారు వారమంతా దాచుకుని నాతో చెప్పుకుంటారు, నాకు వినపడటం లేదని తెలిస్తే బాధపడతారు అన్నారట.

ఆరేళ్లు!

ఎడమ చెవి కొంచెం నయమట. నేనెప్పుడూ కుడివైపే కూర్చుంటాను.

సిగ్గేసింది. కానీ నాకోసం రాసుకునేది కాబట్టి నిజమే రాయాలి. సిగ్గు కంటే ముందు వచ్చింది కుళ్లే. మావయ్యగారి రహస్యం వాడి దగ్గరుంది. నా దగ్గర సబ్‌వూఫర్ ఉంది.

వచ్చేటప్పుడు రైల్లో ఉమ కళ్లు తుడుచుకుంటూ, కూతుర్ని, నాకూ తెలియలేదండీ అంది. దాని చెయ్యి పట్టుకున్నాను.

2 ఆగస్టు

టవర్లు, సబ్‌వూఫర్ ఇచ్చేసి పెద్ద సెంటర్ స్పీకర్ తెచ్చుకున్నాను. బెంజమిన్ గారు ఎందుకని కూడా అడగలేదు. పెద్దమనిషి.

ఇంటికొచ్చాక రిసీవర్‌లో లెవెల్స్ ఎంత పెట్టాలో తెలియక జయంత్‌కే ఫోన్ చేయాల్సొచ్చింది. సెంటర్ ఆరు పెంచండి అన్నయ్యగారూ, బేస్ బాగా తగ్గించండి అన్నాడు. స్టూడెంటులా కాగితం మీద రాసుకున్నాను. పళ్లు నూరుకుంటూ థాంక్స్ చెప్పాను.

సోఫా లోపలికి వచ్చింది.

3 ఆగస్టు, ఆదివారం

మావయ్యగారు వచ్చారు. ఆయనకి ఎడమవైపు కూర్చున్నాను. సినిమా సగంలో మావయ్యగారే ఆపమన్నారు. నా వైపు తిరిగి, ఇంతకీ అల్లుడుగారూ, మీరు కాలేజీలో చెప్పేదేమిటండీ అని అడిగారు.

పదకొండేళ్లుగా ఆయనకి అల్లుణ్ణి.

మెల్లగా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో జయంత్ ఫోన్ చేశాడు. తియ్యలేదు.